లైసెన్సు మీది నక్షత్రాలు, గదిలోని మాటలు: నార్త్ కరోలినాలో డేకేర్ ఎంపికపై ఒక పరిశీలన

రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు ఉద్యోగాల వల్ల అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, ముఖ్యంగా కేరీ, మోరిస్‌విల్ పట్టణాల్లో, తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. బిడ్డ పుట్టిన ఇంట్లో జరిగే ఏర్పాటు చాలాచోట్ల ఒకే తీరుగా ఉంటుంది. ముందు అమ్మమ్మ, తాతయ్య వస్తారు. సందర్శకుల వీసా మీద వచ్చినవారికి సాధారణంగా ఆరు నెలల గడువు దొరుకుతుంది. వాళ్ళు విమానం ఎక్కాక నానమ్మ, తాతయ్య వస్తారు. ఆ వంతు కూడా పూర్తయ్యేసరికి బిడ్డకు ఏడాది దాటుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైతే ఇక డేకేర్ వెతకక తప్పదు. అప్పుడు స్నేహితులను అడుగుతారు, వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. అదే ప్రశ్నకు రాష్ట్ర ప్రభుత్వం కూడా ఎప్పుడో ఒక జవాబు తయారుచేసి పెట్టింది. ఒకటి నుంచి ఐదు దాకా ఉండే నక్షత్రాలే ఆ జవాబు.

ఆ నక్షత్రాలు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నా వాదన ఇది: తనిఖీ చేస్తే తప్ప తెలియని విషయాల్లో రాష్ట్ర సంస్థ మాటను తల్లిదండ్రులు తమ కంటి చూపు కన్నా ఎక్కువగా నమ్మాలి. పిల్లలతో టీచర్లు మెలిగే తీరు దగ్గర మాత్రం నక్షత్రాల మీద ఆధారపడకుండా గదిలోకి వెళ్ళి చూడాలి. ఈ రెండో పనికి కావలసిన సమాచారాన్ని సంస్థ ఇప్పటికీ తల్లిదండ్రుల చేతిలో పెట్టడం లేదు.

డేకేర్ పర్యవేక్షణ రాష్ట్రాల చేతికి ఎలా వచ్చింది

అమెరికాలో పసిపిల్లల సంరక్షణకు దేశమంతటికీ వర్తించే ఒకే ప్రమాణం లేదు. అలాంటి వ్యవస్థకు పునాది కాగల సమగ్ర శిశు వికాస బిల్లును 1971లో కాంగ్రెస్ ఆమోదించింది. అధ్యక్షుడు నిక్సన్ ఆ డిసెంబరులో దాన్ని వీటో చేశాడు. ఆ తర్వాత పెద్ద అడుగు 1990లో పడింది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల డేకేర్ ఖర్చుకు రాష్ట్రాల ద్వారా డబ్బు ఇచ్చే బ్లాక్ గ్రాంటు చట్టం అప్పుడే వచ్చింది. దాన్ని 2014లో పునరుద్ధరించినప్పుడు కొన్ని షరతులు చేర్చారు. సిబ్బంది నేర చరిత్రను సమగ్రంగా పరిశీలించాలి, లైసెన్సు ఉన్న కేంద్రాలను ఏడాదికి ఒక్కసారైనా ముందు చెప్పకుండా తనిఖీ చేయాలి, ఆ తనిఖీ ఫలితాలను ప్రజలు చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. సామాన్య తల్లిదండ్రులకు ఈ మూడో షరతే అన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం. సబ్సిడీతో ఏ సంబంధమూ లేని కుటుంబానికి కూడా అది ఉపయోగపడుతుంది.

టీచరుకు ఎంతమంది పిల్లలు ఉండవచ్చు, టీచరుకు ఎంత చదువు ఉండాలి వంటివి రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. నార్త్ కరోలినాలో ఈ పని ఆరోగ్య, మానవ సేవల శాఖలోని శిశు వికాస విభాగానిది. ఏడాదిలోపు పిల్లలైతే ఐదుగురికి ఒక టీచరు, ఒక గుంపులో పదిమందికి మించకూడదు. ఏడాది నుంచి రెండేళ్ళ వాళ్ళకు ఈ లెక్క ఆరుగురికి ఒకరు. రెండేళ్ళు దాటగానే ఒక్కసారిగా పదిమందికి ఒకరు, మూడేళ్ళకు పదిహేనుమందికి ఒకరు అవుతుంది. ఇది చట్టం ఒప్పుకునే అంచు మాత్రమే. చిన్నపిల్లల విద్యలో ప్రమాణాలు నిర్ణయించే జాతీయ సంఘం పసికందులకు నలుగురికి ఒకరు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకు పదిమందికి ఒకరు ఉండాలని చెబుతుంది. రెండేళ్ళ పిల్లలు పదిమందిని ఒక్క మనిషి చూసుకోవడమంటే ఏమిటో ఒక పుట్టినరోజు పండుగలో ఇద్దరు ముగ్గురిని సముదాయించిన వాళ్ళకైనా తెలుసు. కొందరికి డైపర్ మార్చాలి, కొందరికి అన్నం పెట్టాలి, ఒకరు మరొకరిని కొరుకుతారు. చట్టపు అంచు మీద నడిచే గదిలో టీచరు ఎంత మంచిదైనా పిల్లలతో మాట్లాడే తీరిక ఆమెకు దొరకదు.

లైసెన్సు అక్కర్లేని చోటు కూడా ఒకటుంది. తమకు బంధుత్వం లేని ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలను రోజుకు నాలుగు గంటలకు మించి, వారానికి కనీసం ఒకసారైనా క్రమం తప్పకుండా చూసుకుంటేనే ఈ రాష్ట్రంలో లైసెన్సు కావాలి. ఇద్దరి వరకు అక్కర్లేదు. మన వాళ్ళ ఇంట్లో, మన తిండితో, మన భాషలో బిడ్డ పెరుగుతుందన్న ఆశతో తెలుగు తల్లులు ఎక్కువగా అడిగేది ఇలాంటి ఇళ్ళ గురించే. ఆ ఆశ సహజమైనది, గౌరవించదగినది. కానీ ఆ ఇంటికి తనిఖీ అధికారి రాడు, ఆ ఇంటివాళ్ళ నేర చరిత్రను ఎవరూ పరిశీలించరు, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పే శిక్షణ తప్పనిసరి కాదు. ముగ్గురు, నలుగురు పిల్లలు ఉన్నా లైసెన్సు లేకుండా నడిపే ఇల్లయితే అది చట్టవిరుద్ధం కూడా. చూసుకునే ఆవిడ ఎంత మంచి మనిషైనా ఈ ప్రశ్నలన్నీ అడగాల్సినవే.

పదిహేను పాయింట్ల లెక్క

డేకేర్‌లకు నక్షత్రాల రేటింగు ఇవ్వడం మొట్టమొదట 1998లో ఓక్లహోమాలో మొదలైంది. మరుసటి ఏడాదే నార్త్ కరోలినా దాన్ని లైసెన్సులోనే కలిపేసింది. ఇక్కడ రేటింగు కోరుకున్నవాళ్ళు తెచ్చుకునే బహుమతి కాదు. మతసంస్థలు నడిపే కొన్ని కేంద్రాలకు మినహాయింపు ఉన్నా, మామూలుగా లైసెన్సు ఉందంటే కనీసం ఒక్క నక్షత్రమైనా ఉంటుంది. ఆ ఒక్క నక్షత్రానికి అర్థం కనీస నిబంధనలు పాటిస్తోందనే తప్ప మంచి కేంద్రమని కాదు.

2005 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అమలైన పద్ధతిలో మొత్తం 15 పాయింట్లు. కేంద్రం నడిచే తీరుకు 7, సిబ్బంది చదువుకు 7, అదనపు నాణ్యతకు 1. మొత్తం 13 నుంచి 15 వస్తే ఐదు నక్షత్రాలు, 10 నుంచి 12 వస్తే నాలుగు, 7 నుంచి 9 వస్తే మూడు. తనిఖీల్లో నిబంధనలు పాటించిన రికార్డు గత 18 నెలల్లో 75 శాతానికి తగ్గకూడదు. ఇటీవల ఈ లెక్కను మార్చే పని మొదలైంది. జాతీయ సంస్థల గుర్తింపు వంటి ఇతర దారుల్లో కూడా నక్షత్రాలు తెచ్చుకునే వీలు కల్పిస్తున్నారు. అయినా పాత లెక్కను అర్థం చేసుకోవడం అవసరం, ఎందుకంటే తల్లిదండ్రులు చేసే పొరపాటు ఇక్కడే బయటపడుతుంది.

రెండు కేంద్రాలను తీసుకుందాం. రెండింటికీ 13 పాయింట్లు, ఐదేసి నక్షత్రాలు. ఒకదానికి సిబ్బంది చదువులో 7, నడిచే తీరులో 5, అదనంగా 1. రెండోదానికి నడిచే తీరులో 7, చదువులో 5, అదనంగా 1. గుమ్మం దగ్గర చూస్తే రెండూ ఒకటే. లోపల అవి వేర్వేరు చోట్లు. ఏ విభాగంలో ఎన్ని పాయింట్లు వచ్చాయో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. కానీ మన కన్ను ముందు నక్షత్రాల మీద పడి అక్కడే ఆగిపోతుంది.

నడిచే తీరుకు ఎక్కువ పాయింట్లు రావాలంటే బయటి పరిశీలకులు వచ్చి గదిలో కొన్ని గంటలు కూర్చుని ఒక కొలమానంతో లెక్క వేస్తారు. ఆ కొలమానం పుట్టింది కూడా ఈ రాష్ట్రంలోనే, చాపెల్ హిల్‌లోని విశ్వవిద్యాలయంలో. థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ దాని మొదటి రూపాన్ని 1980లో ప్రచురించారు. 1 నుంచి 7 వరకు మార్కులు. బొమ్మలు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, చేతులు కడిగించే పద్ధతి ఏమిటి, పుస్తకాలు చదివి వినిపిస్తున్నారా, పిల్లలు గొడవపడితే టీచరు ఏం చేస్తోంది అన్నవన్నీ చూస్తారు. ప్రతి గదినీ చూడరు, కొన్ని గదులను ఎంచి చూస్తారు. తిరిగి మదింపు మామూలుగా మూడేళ్ళకు ఒకసారి. అంటే ఈ రోజు మీరు చూసే నక్షత్రం వెనుక ఉన్న గది మీ బిడ్డ వెళ్ళబోయే గది కాకపోవచ్చు, ఆ రోజు మార్కులు తెచ్చిన టీచరు ఇప్పుడు అక్కడ పనిచేస్తూ ఉండకపోవచ్చు.

తల్లిదండ్రుల కన్ను

ఇన్ని పరిమితులు ఉన్నప్పుడు నక్షత్రాలను పక్కనపెట్టి మనమే వెళ్ళి చూసుకుంటే చాలదా? చాలదని పరిశోధన గట్టిగానే చెబుతోంది. 1995లో కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్, నార్త్ కరోలినా రాష్ట్రాల్లోని సుమారు 400 కేంద్రాలను పరిశీలించిన అధ్యయనంలో చాలా కేంద్రాల నాణ్యత మధ్యస్థంగానో అంతకన్నా తక్కువగానో ఉన్నట్టు తేలింది. ఆ కేంద్రాలకే తమ పిల్లలను పంపే తల్లిదండ్రులు మాత్రం శిక్షణ పొందిన పరిశీలకులకన్నా చాలా ఎక్కువ మార్కులు వేశారు. డెబీ క్రయర్, మార్గరెట్ బర్చినాల్ 1997లో ఈ వ్యత్యాసాన్ని లోతుగా పరిశీలించారు. ఏ విషయాన్ని తల్లిదండ్రులు ఎక్కువ ముఖ్యమనుకుంటారో, దాని విషయంలోనే వాళ్ళ అంచనా మరింత పెరిగిపోతోంది. తాము లేని సమయంలో జరిగేదాన్ని చూడలేరు కాబట్టి జరగాలని కోరుకున్నదే జరుగుతోందని నమ్ముతారు. ఇది వాళ్ళ తప్పు కాదు. ఉద్యోగం మానలేని తల్లి బిడ్డను వదిలి కారెక్కాలంటే ఆ నమ్మకం లేకుండా ఎలా?

ఆర్థికవేత్త నాజీ మోజాన్ ఇదే సమాచారంతో 2007లో మరో ప్రశ్న వేశారు. అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియని బజారులో మంచి సరుకు ఎలా దెబ్బతింటుందో 1970లో జార్జ్ అకెర్లాఫ్ పాత కార్లను ఉదాహరణగా తీసుకుని చూపించాడు. డేకేర్ కూడా అలాంటి బజారేనా అన్నది మోజాన్ ప్రశ్న. తల్లిదండ్రులు దొరికిన ఆనవాళ్ళను పట్టుకుని నాణ్యతను ఊహిస్తున్నారు కానీ ఆ ఆనవాళ్ళను తప్పుగా చదువుతున్నారని ఆయన ఫలితం. వాటిలో ఒకటి ముందు గది శుభ్రత. రిసెప్షన్ మెరుస్తూ ఉంటే లోపలి తరగతులు కూడా బాగుంటాయనుకోవడం. ఆ ఊహకు ఆధారం దొరకలేదు.

మన కుటుంబాల్లో ఇలాంటి మరో ఆనవాలు ఉంది: చదువు. మూడేళ్ళ బిడ్డ ఇంటికి తెచ్చే వర్క్‌షీట్లు, గోడ మీద అక్షరాలు, అంకెలు, నెల తిరిగేసరికి బిడ్డ ఎన్ని పదాలు చెప్పగలిగింది అన్నవి చూసి కేంద్రాన్ని తూకం వేస్తాం. ఊళ్ళో ప్లేస్కూలును ఎంచుకునే అలవాటే ఇక్కడికీ వచ్చింది. కాగితం మీద రంగు దిద్దించడం సులువు, చూపించడం కూడా సులువు. అందుకే ఆ ఆనవాలును అంత తేలికగా నమ్మకూడదు.

మరి నక్షత్రాలు పనిచేస్తున్నాయా? డాఫ్నా బాసక్, థామస్ డీ, స్కాట్ లేథమ్ 2019లో ప్రచురించిన పరిశోధన నార్త్ కరోలినా మీదే. పై రేటింగుకు అవసరమైన గీతకు కాస్త కిందనే ఆగిపోయిన కేంద్రాలను, గీత దాటిన కేంద్రాలతో పోల్చారు. కింద ఆగిన కేంద్రాల్లో పిల్లల సంఖ్య తగ్గింది. అంటే తల్లిదండ్రులు నక్షత్రాలను పట్టించుకుంటున్నారు. ఆ కేంద్రాలే తర్వాతి ఏళ్ళలో తమ మార్కులను ఎక్కువగా మెరుగుపరుచుకున్నాయి. చుట్టుపక్కల పోటీ ఉన్నచోట ఈ ప్రభావం బలంగా ఉంది. రాష్ట్ర సంస్థ ఇచ్చే సమాచారం బజారును కదిలించగలదనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు కనిపించలేదు.

అయితే 2013లో సైన్స్ పత్రికలో టెరీ సాబోల్, మరికొందరు ప్రచురించిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. అనేక రాష్ట్రాల రేటింగు సూత్రాలను కిండర్‌గార్టెన్‌కు ముందు నడిచే ప్రీ-కే తరగతుల సమాచారానికి అన్వయించి, ఏది పిల్లల నేర్పును ముందుగా సూచిస్తుందో చూశారు. అన్నీ కలిపి వేసిన నక్షత్రాలు పెద్దగా సూచించలేదు. టీచరు చదువు, గదిలోని సామగ్రి వంటివాటికన్నా టీచరుకూ పిల్లలకూ మధ్య నడిచే వ్యవహారాన్ని నేరుగా కొలిచిన మార్కే మెరుగ్గా పనిచేసింది. 1991లో మొదలై పది చోట్ల 1,364 మంది పిల్లలను అనుసరించిన జాతీయ అధ్యయనం కూడా ఇదే దిక్కు చూపింది. ఆ పది చోట్లలో ఈ రాష్ట్రంలోని మోర్గంటన్ ఒకటి. చూసుకునేవాళ్ళు బిడ్డతో ఎంత మాట్లాడతారు, బిడ్డ పలుకుకు ఎలా స్పందిస్తారు అన్నదానికి భాషా వికాసంతో సంబంధం ఉంది. ఇంటి ప్రభావం దానికన్నా ఎక్కువ. డేకేర్‌కు పంపామన్న అపరాధ భావనతో నలిగిపోయే తల్లులకు ఈ చివరి మాట తెలియాలి.

గదిలో కూర్చుని

కేంద్రం తెరిచి ఉన్న ఏ సమయంలోనైనా తమ బిడ్డ దగ్గరికి వెళ్ళే హక్కు తల్లిదండ్రులకు ఉంది. చేర్చే ముందు ఒక పూట గదిలో కూర్చునే అవకాశం అడగాలి. మధ్యాహ్న భోజనం వేళ అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే టీచర్లు అలసిపోయేది అప్పుడే. నేల మీద కూర్చుని పిల్లల కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నారా, నిలబడి దూరం నుంచి ఆజ్ఞలు ఇస్తున్నారా? "వద్దు", "కూర్చో", "లైన్లో నిలబడు" తప్ప వేరే మాటలు వినిపిస్తున్నాయా? డైపర్ మారుస్తున్నప్పుడు బిడ్డతో కబుర్లు చెబుతున్నారా? ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి ఎవరు, ఎంతసేపట్లో వెళ్ళారు? నడవలేని పసివాళ్ళ గది అయితే ఒకే టీచరు రోజూ అదే బిడ్డను చూసుకుంటోందా?

తెలుగు తప్ప మరో భాష వినని బిడ్డ విషయంలో ఒక అదనపు పని ఉంది. పద్దెనిమిది నెలల పిల్ల "నీళ్ళు" అంటే టీచరుకు అర్థం కాదు. రెండుసార్లు అడిగి మూడోసారి అడగడం మానేస్తుంది. బిడ్డ వాడే పది పదిహేను మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో వాటి ఉచ్చారణ, అర్థం ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితాన్ని టీచరు ఎలా అందుకుంది అన్నది గమనిస్తే ఐదు నక్షత్రాల కన్నా ఎక్కువే తెలుస్తుంది. గోడకు అంటించుకుని మర్నాడు ఆ మాట పలికే టీచరు ఉన్న గదిలో బిడ్డను నిశ్చింతగా వదలవచ్చు.

కొన్నిచోట్ల మన ఇంటి అలవాటూ కేంద్రం నిబంధనా ఎదురెదురు పడతాయి. మనం మూడేళ్ళ వరకూ ముద్దలు చేసి నోట్లో పెడతాం. వాళ్ళు ఏడాది నిండగానే సొంతంగా తిననిస్తారు, సగం నేలపాలైనా సరే. అందులో రాజీ పడవచ్చు. నిద్ర విషయంలో మాత్రం పడకూడదు. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, ఖాళీ తొట్టెలో, దుప్పటీ దిండూ లేకుండా పడుకోబెట్టాలని, పదిహేను నిమిషాలకోసారి కళ్ళతో చూడాలని ఈ రాష్ట్రపు నిబంధన. బోర్లా పడుకోబెడితేనే బాగా నిద్రపోతుందని అమ్మమ్మ చెప్పినా, చీర ఉయ్యాల్లో తప్ప పడుకోదని మనకు తెలిసినా, కేంద్రాన్ని ఆ నిబంధన నుంచి తప్పుకోమని అడగకూడదు. ఊపిరాడక జరిగే శిశు మరణాలు తగ్గడానికి కారణమైన జాగ్రత్తలివి. తల్లిదండ్రుల కోరిక మీద వాటిని సడలించే కేంద్రం మరెవరి కోరిక మీద మరి దేన్ని సడలిస్తుందో ఊహించుకోవాలి.

జీతం సంగతి

గదిలోని మాటలు టీచరు మీద ఆధారపడితే, ఆ టీచరు జీతం ఎంత? అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో పిల్లల సంరక్షణ కార్మికుల మధ్యస్థ వేతనం గంటకు 14.60 డాలర్లు. గిడ్డంగిలో పెట్టెలు సర్దే పనికి అంతకన్నా ఎక్కువ దొరికే ఊళ్ళున్నాయి. టీచర్లు మానేస్తున్నారంటే కారణం వెతకనక్కర్లేదు. నార్త్ కరోలినా ఈ సంగతిని ముందే గుర్తించిన రాష్ట్రం. టీచర్లు కాలేజీ చదువుకు వెళ్ళేందుకు స్కాలర్‌షిప్ ఇచ్చే టీచ్ పథకం 1990లో ఇక్కడే మొదలై ఇతర రాష్ట్రాలకు పాకింది. 1993లో గవర్నర్ జిమ్ హంట్ పసిపిల్లల కోసం స్మార్ట్ స్టార్ట్ కార్యక్రమాన్ని తెచ్చారు. అయినా మూలసమస్య అలాగే ఉంది. తల్లిదండ్రులు ఇంతకన్నా ఎక్కువ కట్టలేరు, టీచర్లు ఇంతకన్నా తక్కువకు పనిచేయలేరు. కరోనా తర్వాత కేంద్ర ప్రభుత్వం కేంద్రాలు మూతపడకుండా ఇచ్చిన 2,400 కోట్ల డాలర్ల గ్రాంట్ల గడువు 2023 సెప్టెంబరుతో ముగిసింది.

నిబంధనలు కఠినం చేస్తే సరిపోదా అంటే, జోసెఫ్ హాట్జ్, మో షియావో 2011లో చూపించిన చేదు నిజం ఒకటుంది. నిబంధనలు బిగిస్తే సంపన్న ప్రాంతాల్లో నాణ్యత పెరుగుతుంది, పేద ప్రాంతాల్లో కేంద్రాల సంఖ్యే తగ్గుతుంది. కేరీలో ఐదు నక్షత్రాల మధ్య తేడాలు వెతుక్కునే మన స్థితి వేరు, రాష్ట్రపు తూర్పు జిల్లాల్లో ఉన్న ఒక్క కేంద్రమూ మూతపడుతుందేమోనని భయపడే తల్లి స్థితి వేరు. ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు ఆమెను మరవకూడదు. అందుకే నిబంధనతో పాటు డబ్బు కూడా రాష్ట్రమే పెట్టాలని నేను అంటాను.

సంస్థ ఇంకా ఏం చెప్పాలి

విభాగపు వెబ్‌సైట్‌లో కేంద్రం పేరు వెతికితే నక్షత్రాలు, తనిఖీ తేదీలు, ఏ నిబంధన ఉల్లంఘించారు అన్నవి దొరుకుతాయి. వాటిని చదివేటప్పుడు ఉల్లంఘనల సంఖ్య చూసి భయపడనక్కర్లేదు. గడువు దాటిన ఒక కాగితం కూడా ఉల్లంఘనే. పిల్లల మీద కన్ను లేకపోవడం, గదిలో పిల్లల సంఖ్య మించిపోవడం, మందులు తాళం వేసి పెట్టకపోవడం వంటివి ఒకటికి రెండుసార్లు కనిపిస్తే మాత్రం అక్కడ ఆగాలి. ఫోన్‌లో సలహా చెప్పే రిఫరల్ సంస్థలు కూడా ఉన్నాయి. అవి కేంద్రాల జాబితా ఇస్తాయి, ఏమేం అడగాలో చెబుతాయి, ఫలానా చోట చేర్చండి అని మాత్రం చెప్పవు.

విభాగపు వెబ్‌సైట్‌లోని ఆ పేజీలో మూడు విషయాలు నక్షత్రాల పక్కనే కనిపించాలి. ఈ రేటింగుకు ఆధారమైన పరిశీలన ఏ తేదీన జరిగింది. టీచర్లు పిల్లలతో మెలిగే తీరుకు విడిగా ఎన్ని మార్కులు వచ్చాయి. గత ఏడాదిలో ఎంతమంది టీచర్లు మానేశారు. మొదటి రెండింటికి కొత్తగా ఏమీ కొలవనక్కర్లేదు, పరిశీలకుల నివేదికల్లో ఉన్నదాన్ని పైకి తేవడమే. మూడోది కాస్త కష్టం, కేంద్రాల యజమానులకు ఇష్టం ఉండదు కూడా. కానీ సిబ్బంది చదువు వివరాలను విభాగం ఇప్పటికే ఆన్‌లైన్‌లో సేకరిస్తోంది. ఒక్కొక్కరు చేరిన తేదీ, మానేసిన తేదీ అదే పత్రంలో అడిగితే సరిపోతుంది.